మొదటి కరేబియన్ క్రూయిజ్: ఏ రేవులో ఏ విహారం ఎంచుకోవాలి

చెన్నై నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రుల నోట నయాగరా, న్యూయార్క్ తరువాత ఈ మధ్య కరేబియన్ క్రూయిజ్ పేరు తరచుగా వినిపిస్తోంది. మయామి నుంచో, ఫ్లోరిడాలోనే ఉన్న పోర్ట్ కెనావెరల్ నుంచో బయలుదేరి, వారం రోజుల్లో మూడు నాలుగు రేవులు చూపించి, మళ్ళీ ఎక్కిన చోటే దింపే ప్రయాణం అది. ఏ ఓడ, ఏ అంతస్తు, బాల్కనీ ఉన్న గదా లేనిదా అన్న చర్చ ఇంట్లో నెలల తరబడి నడుస్తుంది. ఓడ దిగాక ఏం చేయాలన్న సంగతి మాత్రం చివరి వారం దాకా ఎవరికీ గుర్తు రాదు. భోజనం, వసతి, ఆటపాటలు ఓడ టికెట్టులోనే కలిసి ఉంటాయి గాని, షోర్ ఎక్స్‌కర్షన్ అని పిలిచే రేవు విహారాలకు తలకింత అని విడిగా చెల్లించాలి. నలుగురున్న కుటుంబం నాలుగు రేవుల్లోనూ ఆలోచించకుండా విహారాలు కొంటే ఆ ఖర్చు ఒక మనిషి ఓడ టికెట్టును దాటిపోవచ్చు.

మేము ఐదుగురం వెళ్ళాము: నేను, నా భార్య, పెరంబూరులో ఉండే మా అన్నయ్య, వదిన, అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్న వాళ్ళ అబ్బాయి. వదినకు మోకాళ్ళ నొప్పి, అన్నయ్యకు నీళ్ళంటే భయం, అబ్బాయికి కనిపించిన ప్రతి కొండా ఎక్కాలన్న ఉత్సాహం. తిరిగి వచ్చాక నంగనల్లూరులో మా వీధివాళ్ళు, బంధువులు అడుగుతున్న ప్రశ్నలకు విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒక చోట చేర్చాను. అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఒకటే. విహారాన్ని చూడవలసిన స్థలాల జాబితాను బట్టి కాక, గట్టు మీద నికరంగా మిగిలే గంటలను బట్టి, మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి ఎంచుకోవాలి.

ఆ గంటల లెక్క చూద్దాం. ఉదయం 8కి రేవు చేరి సాయంత్రం 5కి బయలుదేరుతుందని కాగితంలో ఉంటే తొమ్మిది గంటలు చేతిలో ఉన్నాయని అనుకుంటాము. అధికారుల అనుమతి వచ్చి, మూడు నాలుగు వేల మంది వరుసలో దిగేసరికి 8:30 నుంచి 9 అవుతుంది. అందరూ తిరిగి ఎక్కి ఉండవలసిన గడువు సాధారణంగా బయలుదేరే వేళకు అరగంట ముందు ఉంటుంది, కొన్ని ఓడల్లో ఇంకా ముందే పెడతారు. ఆ గడువుకు మరో గంట ముందుగానైనా రేవు గేటు దగ్గర ఉండాలని ఎవరికి వారు నియమం పెట్టుకోవాలి. ఇవన్నీ తీసివేస్తే మిగిలేది ఆరున్నర గంటలు. అందులో మధ్యాహ్న భోజనం, ఎండ, మరుగుదొడ్డి కోసం ఆగడం అన్నీ ఉంటాయి.

తూర్పా, పడమరా

మయామి నుంచి వెళ్ళే వారం రోజుల ప్రయాణాలు ఎక్కువగా రెండు దారుల్లో ఉంటాయి. తూర్పు దారిలో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్, అమెరికా అధీనంలోని సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్ వస్తాయి. పడమటి దారిలో మెక్సికోకు చెందిన కొజుమెల్, కోస్టా మాయా, హోండురాస్ దీవి రోవతాన్, గ్రాండ్ కేమన్, జమైకా, బెలీజ్ వస్తాయి. రెండిటిలోనూ బహామాస్‌లో ఓడ కంపెనీలు తమ కోసం తీర్చిదిద్దుకున్న సొంత దీవి ఒకటి కలుస్తుంటుంది.

ఓడలో కూర్చున్నంత సేపూ ఈ రెండు దారులకూ పెద్ద తేడా ఉండదు. దిగాకే అది తెలుస్తుంది. తూర్పున చూడదగినవి రేవుకు దగ్గరగా ఉంటాయి. శాన్ హువాన్ పాత ఊరు ఓడ దిగిన గట్టు పక్కనే ఉంది, సెయింట్ థామస్‌లో మంచి బీచికి టాక్సీలో అరగంట పట్టదు. పడమటి దారి ఆకర్షణలు మెక్సికో ప్రాంతపు ప్రాచీన మాయా జాతివారి శిథిలాలు, పగడపు దిబ్బలు, గుహల్లోంచి సాగే ఏరులు. ఇవి చాలా వరకు రేవుకు గంట, రెండు గంటల దూరంలో ఉంటాయి. కొన్నిటికి మళ్ళీ ఇంకో పడవ ఎక్కాలి. అరవై దాటిన తల్లిదండ్రులతో మొదటిసారి వెళ్ళేవారికి నేను తూర్పు దారినే సూచిస్తాను. కాలేజీ వయసు పిల్లలున్న కుటుంబానికి పడమర మేలు. మేము వెళ్ళినది పడమటి దారి. టికెట్లు కొన్నది మా అబ్బాయి గనుక దారి కూడా అతని వయసుకు తగినదే అయింది.

దక్షిణపు దారి మూడోది. బార్బడోస్, సెయింట్ లూసియా, మార్టినిక్, అరూబా, కురసావ్ అందులో వస్తాయి. వీటిలో చాలా ప్రయాణాలు శాన్ హువాన్ నుంచి మొదలవుతాయి గనుక అక్కడి దాకా మరో విమానం ఎక్కాలి, సముద్రంలో ఊరికే గడిపే రోజులు కూడా తక్కువ. మొదటి ప్రయాణానికి ఇది కొంచెం అలసట కలిగిస్తుంది. అయినా చెన్నైవాళ్ళకు అందులో ఒక ప్రత్యేక కారణం ఉంది, దాన్ని తరువాత చెబుతాను.

ఓడవాళ్ళ టికెట్టా, బయటివాళ్ళదా, మన దారి మనదా

ఇంట్లో ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. ఒకే విహారాన్ని మూడు విధాలుగా చేయవచ్చు. ఓడ కంపెనీ యాప్‌లోనే కొనవచ్చు, ఆ ఊరి నిర్వాహకుడి దగ్గర ఇంటర్నెట్‌లో ముందుగా కొనవచ్చు, ఏదీ కొనకుండా దిగి టాక్సీ మాట్లాడుకోవచ్చు.

ఓడ కంపెనీ అమ్మే విహారానికి ధర ఎక్కువ, బస్సు పెద్దది, గైడు వెనుక జెండా చూసుకుంటూ నలభై మంది నడవాలి. దానికి బదులుగా దక్కేది ఒక హామీ. ఆ బస్సు దారిలో చెడిపోయినా, ఆలస్యమైనా, ఓడ దాని కోసం ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే మిమ్మల్ని తరువాతి రేవుకు చేర్చే ఏర్పాటు కంపెనీయే చూసుకుంటుంది. వాతావరణం బాగాలేక కెప్టెన్ ఆ రేవునే వదిలివేస్తే డబ్బు దానంతట అదే మీ ఓడ ఖాతాకు తిరిగి వస్తుంది. బయటి నిర్వాహకుడి దగ్గర కొంటే గుంపు చిన్నది, ధర తక్కువ, మాట్లాడే మనిషి కూడా ఆ ఊరివాడే. కానీ మీరు ఆలస్యమైతే ఓడ ఆగదు. అప్పుడు తరువాతి రేవుకు విమానం టికెట్టు, హోటలు ఖర్చు అన్నీ మీవే. రేవు రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా అన్నది వాళ్ళ షరతుల్లో చూసుకోవాలి. "ఓడ రాకపోతే పూర్తి వాపసు" అని స్పష్టంగా రాసి ఉన్నవాళ్ళ దగ్గర తప్ప కొనకండి.

ఒక లెక్క వేసి చూస్తే తేడా బోధపడుతుంది. ఓడలో తలకు 90 డాలర్లు, బయట 50 డాలర్లు అనుకుందాం. నలుగురికి 160 డాలర్లు మిగులుతాయి. రేవుకు పావుగంట దూరంలో ఉన్న బీచికి ఆ 160 డాలర్లు అదనంగా ఇవ్వడం అనవసరం, ఎందుకంటే అక్కడి నుంచి ఏ టాక్సీ ఎక్కినా వేళకు చేరతారు. రెండు గంటల దూరంలో, మధ్యలో పడవ మారవలసిన చోటికైతే అదే 160 డాలర్లు బీమా ప్రీమియం వంటిది. నా సలహా అందుచేత దూరాన్ని బట్టి ఉంటుంది: గంటలోపు ప్రయాణమైతే బయటివాళ్ళు లేదా మన టాక్సీ, గంట దాటితే ఓడవాళ్ళ టికెట్టు.

గడియారం గురించి ఇక్కడే చెప్పాలి, ఓడ తప్పిపోయేవారిలో కొందరిని ముంచేది దూరం కాదు, ఇదే. కొజుమెల్ ఉన్న మెక్సికో రాష్ట్రంలో ఏడాది పొడవునా ఒకే సమయం. జమైకా, గ్రాండ్ కేమన్ కూడా అంతే. మయామిలో మాత్రం మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. ఓడ మయామి సమయాన్నే పాటిస్తూ ఉంటే, వేసవిలో కొజుమెల్‌లో దిగిన మీ ఫోను తనంతట తానే స్థానిక సమయానికి మారి గంట వెనక్కి పోతుంది. ఫోనులో 3:30 అని చూసి తీరుబడిగా ఐస్‌క్రీమ్ తింటున్న వేళకు ఓడలో 4:30 అయి ఉంటుంది. తూర్పు దీవుల్లో చలికాలంలో ఇది తిరగబడుతుంది, స్థానిక గడియారం మయామి కంటే గంట ముందుంటుంది. దాని వల్ల ప్రమాదం లేదు, బయటి విహారం మొదలయ్యే వేళకు మీరు గంట ఆలస్యంగా చేరే అవకాశం మాత్రం ఉంది. కొన్ని ఓడలు దారిలోనే సమయం మార్చుకుంటాయి గనుక ముందు రోజు రాత్రి ప్రకటన వినాలి. మా అన్నయ్య పాత చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకుని వారమంతా దాన్నే నమ్మాడు. ఐదుగురికీ అదే ఆధారం.

టెండర్ రేవులు ఇంకొక విషయం. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు ఆగే గట్టు లేదు. కట్టాలా అని 2025 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయం అడిగితే అక్కడివారు వద్దనే చెప్పారు. బెలీజ్‌లో తీరం దగ్గర సముద్రం లోతు లేక ఓడ దూరంగానే నిలుస్తుంది. రెండు చోట్లా ఓడ నుంచి టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. కన్యాకుమారిలో వివేకానంద రాతి మండపానికి పడవ ఎక్కినవారికి ఆ ఊగే అంచు మీదికి అడుగు వేయడం ఎలా ఉంటుందో తెలుసు, అటువంటిదే ఇది. సిబ్బంది ఇరువైపులా చేతులు పట్టుకుంటారు గాని, అల ఎక్కువగా ఉంటే చక్రాల కుర్చీని అనుమతించరు. ఓడలో విహారం కొన్నవారిని ముందు పంపుతారు, మిగిలినవారు టోకెన్ తీసుకుని గంటకు పైగా వేచి ఉండవలసి రావచ్చు. కాబట్టి టెండర్ రేవులో దూరం తక్కువైనా ఓడవాళ్ళ టికెట్టుకు నేను మొగ్గుతాను. గంట దూరం అని పైన చెప్పిన నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు.

కొజుమెల్: మాయా శిథిలాల ఆశ

పడమటి దారిలో అందరి కళ్ళూ చిచెన్ ఇట్జా మీదే ఉంటాయి. ప్రపంచ ప్రసిద్ధమైన ఆ మెట్ల పిరమిడ్ కొజుమెల్ దీవిలో లేదు, మెక్సికో ప్రధాన భూభాగంలో లోపలికి ఉంది. ఓడ దిగి, ఫెర్రీలో ముప్పావు గంట సముద్రం దాటి ప్లాయా దెల్ కార్మెన్ చేరి, అక్కడి నుంచి రెండున్నర గంటల బస్సు ప్రయాణం. చెన్నైవాళ్ళకు ఒక్క పోలిక చాలు. మాధవరంలో ఉదయం బస్సెక్కి తిరుపతి వెళ్ళి, కొండెక్కి, దర్శనం చేసుకుని అదే సాయంత్రానికి ఇల్లు చేరడం వంటిది, పైగా మధ్యలో రెండుసార్లు పడవ. పిరమిడ్ ఎదుట నిలిచే సమయం గంటన్నరకు మించదు. పైకి ఎక్కనివ్వడం చాలా ఏళ్ళ క్రితమే ఆపివేశారు. ఓడ కొజుమెల్‌లో పది గంటలకు పైగా ఆగే ప్రయాణమై, మీకు మాయా చరిత్ర మీద నిజమైన మక్కువ ఉంటే వెళ్ళండి, అదీ ఓడవాళ్ళ టికెట్టుతోనే. లేకపోతే దాన్ని మెక్సికోలోని కాంకూన్‌కు విమానంలో వెళ్ళే మరో ప్రయాణానికి దాచుకోవడం మంచిది.

టులుమ్ మధ్యస్థం. ఫెర్రీ దిగాక బస్సులో గంట చాలు. సముద్రపు కొండ అంచున, ప్రాకారం లోపల ఉన్న నగరం అది. శిథిలాల పరిమాణం చిన్నదే గాని వెనుక కనిపించే నీలి సముద్రం వల్ల మహాబలిపురం తీరగుడి జ్ఞాపకం వస్తుంది. నీడ దాదాపు లేదు, గేటు నుంచి శిథిలాల దాకా నడక ఉంది, మధ్యాహ్నం ఎండ మన ఏప్రిల్ ఎండకు తక్కువేమీ కాదు. ఫెర్రీ ప్రయాణంలో కడుపు తిప్పడం మామూలే, మాత్ర బయలుదేరే ముందే వేసుకోవాలి.

ఈ రెండిటినీ వదిలి, ఎవరూ చెప్పని మూడో దారిని నేను ఇష్టపడతాను. కొజుమెల్ దీవి మధ్యలోనే శాన్ హెర్వాసియో అనే మాయా క్షేత్రం ఉంది, ఫెర్రీ అవసరం లేదు, టాక్సీలో వెళ్ళి రావచ్చు. గోపురాలంత ఎత్తు కట్టడాలు ఉండవు, రాతి వేదికలు, కమాను, అడవిలో కాలిబాట, ఉడుముల్లాంటి ఇగ్వానాలు అంతే. కానీ చంద్రుడికీ, సంతానానికీ అధిదేవతగా కొలిచిన ఇష్‌చెల్ క్షేత్రం అది. సంతానం కోరి మాయా స్త్రీలు సముద్రం దాటి మొక్కు తీర్చుకోవడానికి ఇక్కడికి వచ్చేవారట. ఈ సంగతి గైడు చెప్పగానే వదిన మోకాళ్ళ నొప్పి మరచిపోయి కాలిబాట చివరిదాకా నడిచింది. పొద్దున్న రెండు గంటలు అక్కడ గడిపి, మధ్యాహ్నం దీవి పడమటి తీరంలోని ఏదో ఒక బీచ్ క్లబ్‌లో గొడుగు కింద కూర్చుంటే అందరికీ తృప్తిగా ఉంటుంది.

నీటిలో దిగాలనుకునేవారికి కొజుమెల్ పగడపు దిబ్బలు కరేబియన్‌లోకెల్లా పేరున్నవి. పాలంకార్ దిబ్బ దగ్గర స్నార్కెల్ చేయడానికి ఈత బాగా రానవసరం లేదు. లైఫ్ జాకెట్ తేలుస్తుంది, ముఖం నీటిలో పెట్టి గొట్టంతో ఊపిరి పీల్చడం అలవాటైతే చాలు. అయితే మెరీనా బీచిలో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగనివారు నడి సముద్రంలో పడవ మీద నుంచి దూకే విహారాన్ని మొదటి రోజే కొనకూడదు. ఒడ్డు నుంచి నడిచి దిగే చోటు చూసుకుని, ముందుగా ఓడ ఈత కొలనులో గొట్టం పెట్టుకుని సాధన చేయాలి. మేము ఇక్కడ బయటి నిర్వాహకుడి దగ్గర కొన్నాము. చెప్పిన వేళకు వాను రాలేదు, ముప్పావు గంట ఎండలో నిలబెట్టారు. దగ్గరి విహారం కావడం వల్ల నష్టం లేకపోయింది గాని, అదే టులుమ్ అయి ఉంటే మా సాయంత్రం మరోలా ఉండేది.

గ్రాండ్ కేమన్, జమైకా, మిగిలినవి

గ్రాండ్ కేమన్‌లో పోటీ రెండిటి మధ్యే: స్టింగ్‌రే సిటీ, సెవెన్ మైల్ బీచ్. మొదటిది సముద్రం మధ్యలోని ఇసుక మేట. అక్కడ నడుము లోతు నీటిలో నిలబడితే, తమిళంలో తిరుక్కై అనే ముల్లుతోక చేపలు కాళ్ళ చుట్టూ తిరుగుతాయి. ఒకప్పుడు జాలరులు అక్కడ ఆగి చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారవేయడం వల్ల అవి మనుషులకు అలవాటు పడ్డాయని చెబుతారు. వాటి మీద అడుగు వేయకుండా, కాళ్ళు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలి. ఈత రానివారు కూడా చేయగలిగిన అరుదైన సముద్ర అనుభవం ఇది, నేను దీనికే ఓటు వేస్తాను. నీళ్ళంటే భయపడే అన్నయ్య పడవ మీదే కూర్చున్నాడు, అక్కడి నుంచి కూడా చేపలు స్పష్టంగా కనిపించాయి.

జమైకాలో మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో ముందు చూడండి. డన్స్ రివర్ జలపాతం ఓచో రియోస్‌కు కొద్ది నిమిషాల దూరం, ఫాల్‌మత్ నుంచైతే గంటకు పైగా పడుతుంది. చేతులు పట్టుకుని గొలుసులా నిలబడి పారే నీటిలో రాళ్ళ మీదుగా పైకి ఎక్కడమే అక్కడి సరదా. రాళ్ళు జారుడు, రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి. ఎక్కలేనివారికి పక్కనే మెట్లున్నాయి. ఫాల్‌మత్‌లో దిగేవారికి దీనికంటే దగ్గరగా మార్తా బ్రే నది ఉంది. వెదురు తెప్ప మీద ఇద్దరిద్దరు కూర్చుంటే తెడ్డువాడు గంటకు పైగా నెమ్మదిగా నడుపుతాడు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి కరేబియన్ అంతటా ఇంతకంటే అనువైనది నాకు కనిపించలేదు. 2025 అక్టోబరులో మెలిస్సా తుఫాను జమైకా పడమటి భాగాన్ని తీవ్రంగా దెబ్బతీసింది గనుక, కొనే ముందు ఏవి తెరిచి ఉన్నాయో అడగాలి. ఆ మాటకొస్తే జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుఫానుల కాలమే. మన ఈశాన్య రుతుపవనాల్లో చెన్నై విమానాశ్రయం మూతపడినట్టే అక్కడ రేవులు మారిపోతుంటాయి. ఆ నెలల్లో వెళ్ళేవారు వాపసు ఇవ్వని విహారం ఏదీ కొనకూడదు.

రోవతాన్‌లో వెస్ట్ బే బీచ్ చాలు. బెలీజ్‌లో గుహల్లోంచి ట్యూబు మీద తేలే విహారం పిల్లలకు బాగుంటుంది, కానీ టెండర్, ఆపై గంటకు పైగా బస్సు. ఓడవాళ్ళ టికెట్టు లేకుండా వెళ్ళవద్దు. కంపెనీల సొంత దీవిలో ఏ విహారమూ కొననక్కరలేదు, కుర్చీలూ, భోజనమూ మామూలుగా ఓడ టికెట్టులోనే కలిసి ఉంటాయి.

తూర్పు దారిలో ఎక్కువగా ఆగి చూడవలసింది శాన్ హువాన్ ఒక్కటే. ఇక్కడ డబ్బు పెట్టి విహారం కొనడం దాదాపు వృథా. రేవు నుంచి నడిచి వెళ్ళగల దూరంలో శాన్ క్రిస్టోబాల్, ఎల్ మోరో అనే రెండు స్పానిష్ కోటలున్నాయి. 1539లో కట్టడం మొదలైన ఎల్ మోరో, చుట్టుపక్కల కోట గోడలతో కలిసి 1983లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒక్క టికెట్టుతో రెండు కోటలూ చూడవచ్చు. మన సెయింట్ జార్జ్ కోటను సెక్రటేరియట్ గేటు బయటి నుంచి చూసి తృప్తిపడే మనకు, కోట పైకెక్కి ఫిరంగి రంధ్రంలోంచి సముద్రం చూడడం బాగుంటుంది. దారి ఎత్తుపల్లాలుగా, రాళ్ళు పరిచి ఉంటుంది కాబట్టి నడవలేనివారు ఎల్ మోరో దాకా టాక్సీలో వెళ్ళి కిందికి నడిచి రావాలి. ఒక చిక్కు ఉంది: చాలా ఓడలు ఇక్కడికి మధ్యాహ్నం దాటాక చేరతాయి, కోటలు సాయంకాలానికే మూసివేస్తారు. అటువంటి ప్రయాణమైతే దూరపు ఎల్ యుంకే అడవి ఆలోచన మానుకుని నేరుగా కోటకే నడవండి.

సెయింట్ థామస్‌లో పక్కలు తెరిచిన లారీ వంటి టాక్సీలు తలకింత అని నిర్ణీత రేటు తీసుకుంటాయి, బేరం అవసరం లేదు. అమెరికా భూభాగమైనా బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. మేగెన్స్ బే బీచిలో అలలు తక్కువ, పెద్దవాళ్ళకు అదే. ఈత వచ్చినవారు ఫెర్రీలో సెయింట్ జాన్ దీవికి వెళ్ళి ట్రంక్ బేలో నీటి కింద పలకలు పాతి చూపించే స్నార్కెల్ దారి చూడవచ్చు. 1956 నుంచి ఆ దీవిలో ఎక్కువ భాగం జాతీయ వనం. సెయింట్ మార్టెన్‌లో విమానాలు తల మీదుగా దిగే మాహో బీచికి అందరూ పరుగెత్తుతారు. చూడండి, కానీ విమానం ఎగరబోయే వేళ కంచె పట్టుకుని నిలబడకండి; 2017లో ఆ ఇంజను గాలికి ఒక పర్యాటకురాలు పడి మరణించింది. సాయంత్రం అక్కడి ఒంటి రోడ్డు మీద వాహనాలు కదలవు, అందుచేత ఉదయమే వెళ్ళి రావాలి.

దక్షిణపు దారి గురించి చెబుతానన్నది ఇదీ. ఫ్రెంచి దీవులైన మార్టినిక్‌కు 1853 నుంచి, గ్వాడెలూప్‌కు 1854 నుంచి చెరకు తోటల్లో పనికి కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. వారిలో అధికులు పుదుచ్చేరి, కారైకాల్, మద్రాసు ప్రాంతాలవారు. భాష పోయినా మారియమ్మ కొలువు అక్కడ నిలిచింది. కొలొంబో అనే మసాలా కూర ఆ దీవుల్లో ఇంటింటి వంటకం. గ్వాడెలూప్‌లోని కాపెస్టెర్ బెల్ ఓ ఊరి దగ్గర రోడ్డు పక్కన కనిపించే దక్షిణాది గుడి గోపురానికి టాక్సీ మాట్లాడుకుని వెళ్ళే విహారం ఏ ఓడ యాప్‌లోనూ సాధారణంగా ఉండదు. రెండోసారి వెళితే నేను దీని కోసమే వెళతాను.

తిండి, బట్టలు, కాగితాలు

శాకాహారులు విహారంతో పాటు ఇచ్చే భోజనం మీద ఆధారపడకూడదు. మెక్సికోలో చిక్కుడు గింజల ముద్దను పంది కొవ్వుతో వండడం మామూలు. మాంసం వద్దంటే చేప తెచ్చిపెట్టే అవకాశమూ ఉంది. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ మాంతేకా" అని మూడూ చెప్పాలి: మాంసం, చేప, కొవ్వు లేకుండా అని అర్థం. జమైకాలో రాస్తఫారీ మతస్థుల ఐటల్ వంట చాలా వరకు శాకాహారం, ఉప్పు తక్కువ, మన నాలుకకు ఊరగాయ ఉంటే సరిపోతుంది. ఓడలోని పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు తీసుకుపోనివ్వరు. సీలు తీయని బిస్కెట్లు, మురుకుల ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

సన్‌స్క్రీన్ ఇక్కడ టి. నగర్‌లో కొనుక్కుపోయేవారు వెనుక అక్షరాలు చదవాలి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని సెయింట్ థామస్ ఉన్న వర్జిన్ దీవుల్లో 2020 నుంచి నిషేధించారు. జింక్ ఆక్సైడ్ రకం కొనండి. జమైకా, బార్బడోస్, సెయింట్ లూసియాలలో సైనికుల మచ్చల దుస్తులు పౌరులు వేసుకోవడం నేరం. పిల్లల టోపీ, సంచీ కూడా చూసుకోండి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఓడ అమెరికా దాటి మళ్ళీ అక్కడికే వస్తుందని మరువరాదు, అందుచేత ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీసా కావాలి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కరలేదు. మిగిలిన ఒక్కొక్క దేశం సంగతి ఓడ కంపెనీని ఈమెయిలులో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఒక్క రేవుకు కాగితం చాలకపోయినా మయామిలోనే ఎక్కనివ్వకపోవచ్చు. బీచికి వెళ్ళే రోజు పాస్‌పోర్టు గదిలోని లాకర్‌లో పెట్టి నకలు మాత్రం తీసుకువెళ్ళాలి. బయటివాళ్ళతో దూరం వెళ్ళే రోజు అసలు పాస్‌పోర్టే నీరు చొరబడని సంచీలో మీ దగ్గర ఉండాలి, ఓడ తప్పితే విమానం ఎక్కడానికి అది తప్ప వేరే దారి లేదు.

ఎప్పుడు కొనాలన్నది మిగిలింది. ఓడవాళ్ళ విహారాలను ప్రయాణానికి నెలల ముందే తెరుస్తారు, మధ్యలో తగ్గింపులు పెడుతుంటారు, రేవు చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు దాకా చాలావాటిని రద్దు చేసుకోవచ్చు. ఆ గడువు మీ కంపెనీలో ఎంతో చూసుకుని, జనం ఎగబడే స్టింగ్‌రే వంటివి ముందే కొనిపెట్టి, ధర తగ్గితే రద్దు చేసి మళ్ళీ కొనండి. మేము నాలుగు రేవుల్లో గ్రాండ్ కేమన్‌కు మాత్రమే ఓడవాళ్ళ టికెట్టు కొన్నాము, కొజుమెల్‌లో బయటివాళ్ళది, సొంత దీవిలో ఏమీ లేదు. జమైకాలో మగవాళ్ళం జలపాతానికి వెళ్ళాము, వదిన, నా భార్య తెప్ప ఎక్కారు. సాయంత్రం ఓడ గట్టు దగ్గర కలుసుకున్నప్పుడు మా ముగ్గురి మోకాళ్ళూ చెక్కుకుపోయి ఉన్నాయి; వదినవి మాత్రం బాగానే ఉన్నాయి.